మార్చి మూడు అర్ధరాత్రి టోర్నడో: మనవాళ్లందరూ క్షేమమేనా?

డొనెల్సన్ వాసి
2020 మార్చి 3, తెల్లవారుజాము 4:40 (అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రం, నాష్‌విల్ సమయం)

కారులో కూర్చొని, ఫోనును కారు ఛార్జరుకు తగిలించి ఇది రాస్తున్నాను. ఇంట్లో కరెంటు లేదు, వీధి మొత్తం చీకటిగా ఉంది. ముందు చెప్పవలసిన మాట చెప్తాను: నేను, నా భార్య, మా నాలుగేళ్ల పాప ముగ్గురమూ క్షేమంగా ఉన్నాము. పైకప్పు వెనుక భాగం కొంత లేచిపోయింది, పెరట్లోని కంచె ఎటు పోయిందో తెలియదు, పక్కింటి వారి చెట్టు మా రెండో కారు మీద పడింది.

రాత్రి పన్నెండు దాటేసరికి నేను గాఢనిద్రలో ఉన్నాను. మా ఆవిడ హాల్లో కూర్చొని, తెనాలిలో ఉన్న వాళ్ల అమ్మగారితో మాట్లాడుతోంది. అక్కడ మధ్యాహ్నం, వంట ముగించుకున్న వేళ. ఉన్నట్టుండి తన ఫోను కీచుమని మోగితే, అవతలి నుంచి అత్తయ్యగారే "ఆ చప్పుడేమిటమ్మా?" అని అడిగారట. తను తెర మీది మాటలు చదివి, నన్ను లేపి, పాపను దుప్పటితో సహా ఎత్తుకొని, కింది అంతస్తులో కిటికీ లేని స్నానాలగదిలోకి వచ్చేసరికి బయట గాలి స్వరం మారిపోయింది. రైలు చప్పుడులా ఉంటుందని అందరూ అంటారు. నాకైతే పెద్ద పిండిమరలో ఎవరో రాళ్లు పోసినట్టు వినిపించింది. ఒక నిమిషం కంటే ఎక్కువ పట్టలేదు.

నాకు అర్థం కాని విషయం ఒకటుంది. నా ఫోను తలగడ పక్కనే ఉంది, అది మాత్రం మోగలేదు.

ఈస్ట్ నాష్‌విల్, హెర్మిటేజ్, మౌంట్ జూలియట్, లెబనాన్ ప్రాంతాల్లో ఉన్న సభ్యులు దయచేసి ఇక్కడ ఒక్క వాక్యమైనా రాయండి.

హెర్మిటేజ్ రెండో అంతస్తు
2020 మార్చి 3, ఉదయం 5:25

మేమిద్దరమూ క్షేమం. అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో ఉండే మెక్సికన్ కుటుంబం తలుపు తీసి, మెట్ల మీద నిలబడి ఉన్న మా ఆరుగురినీ లోపలికి పిలిచింది. మాకు వారి పేర్లు కూడా అప్పటిదాకా తెలియవు.

మౌంట్ జూలియట్ ఇల్లాలు
2020 మార్చి 3, ఉదయం 5:50

మా ఇంటికి ఏమీ కాలేదు, కానీ ఉత్తరాన మైలు దూరంలో ఉన్న ఇళ్ల వరుసలో కప్పులు లేవు. మా పెద్దవాడు చదివే వెస్ట్ విల్సన్ మిడిల్ స్కూలు గోడలు కూలిపోయాయని పొరుగువారు చెప్పారు. స్టోనర్ క్రీక్ ప్రాథమిక పాఠశాల పరిస్థితి కూడా అంతేనట. ఇదే గాలి పన్నెండు గంటల ముందు, అంటే మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన తోసేసుకుంటున్నా పోవడం లేదు.

గుంటూరు మాస్టారు
2020 మార్చి 3, ఉదయం 6:05 (ఇక్కడ సాయంత్రం 5:35)

అయ్యా, అమ్మా, మీరందరూ క్షేమంగా ఉన్నందుకు దేవుడికి దండం. నా చిన్నకొడుకు కుక్‌విల్‌లో టెన్నెస్సీ టెక్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాడి ఫోను గత మూడు గంటలుగా కలవడం లేదు. ఇక్కడి టీవీలో నాష్‌విల్ అనే చెప్తున్నారు, కుక్‌విల్ పేరు కింద గీతలో ఒకసారి వచ్చి పోయింది. నాష్‌విల్‌కు, కుక్‌విల్‌కు దూరం ఎంత? ఎవరికైనా అక్కడ తెలిసినవారు ఉంటే దయచేసి చెప్పగలరు.

ఇంకొక మాట. వాడు అక్కడికి వెళ్లేటప్పుడు నేను టోర్నడోల గురించి అడిగితే, "అవన్నీ ఏప్రిల్, మే నెలల్లో ఓక్లహోమా వైపు వస్తాయి నాన్నా" అన్నాడు. ఈరోజు ఇంకా మార్చి మూడో తేదీయే కదా.

కుక్‌విల్ విద్యార్థి
2020 మార్చి 3, ఉదయం 6:40

మాస్టారూ, నమస్కారం. నేను కూడా టెక్ విద్యార్థినే. నాష్‌విల్ నుంచి మాకు సుమారు ఎనభై మైళ్లు. టోర్నడో తాకింది ఊరికి పడమటి వైపు, బాక్స్‌టర్ నుంచి డబుల్ స్ప్రింగ్స్ దారి వెంట; విశ్వవిద్యాలయం వైపు రాలేదు. మన విద్యార్థులలో ఎక్కువమంది క్యాంపస్ చుట్టుపక్కలే ఉంటారు. సిగ్నల్ సరిగా లేదు, అందుకే కలవడం లేదు. మీ అబ్బాయి పేరు ఇక్కడ బహిరంగంగా రాయకండి, నాకు వ్యక్తిగత సందేశం పంపండి. నేను నడిచి వెళ్లి చూసి వస్తాను.

గుంటూరు మాస్టారు
2020 మార్చి 3, ఉదయం 7:55

పంపాను బాబూ. ఇప్పుడే వాడే నీ ఫోను నుంచి మాట్లాడాడు. వాళ్ల అమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఇప్పుడు కాఫీ తాగుతోంది. నీ మేలు మరువలేను నాయనా.

మేఘాల లెక్క
2020 మార్చి 3, ఉదయం 10:15

మాస్టారుగారు అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం చెప్పడం అవసరం అనిపించింది. నేను వాతావరణ శాస్త్రం చదువుకున్నవాడిని, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను.

"టోర్నడోల కాలం" అనే మాట మైదాన రాష్ట్రాలను చూసి పుట్టింది. కాన్సాస్, ఓక్లహోమాలలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎక్కువగా, అదీ సాయంత్రం పూట, చాలా దూరం నుంచి కనిపించేలా వస్తాయి. టెన్నెస్సీ, అలబామా, మిస్సిసిపీ వంటి ఆగ్నేయ రాష్ట్రాలకు ఆ లెక్క సరిపోదు. చలికాలం చివర్లో జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి, దక్షిణం వైపు దిగి ఉంటుంది. మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే తేమగాలి దాని కిందికి చేరిన రోజున, నేల దగ్గర గాలి ఒక దిక్కున, పైన మరొక దిక్కున, వేరువేరు వేగాలతో వీస్తుంది. ఆ తేడాయే మేఘాన్ని తిప్పుతుంది. వేసవిలో మాదిరి ఎండ వేడి పెద్దగా అవసరం లేదు. రాత్రిపూట నేలకు కొద్ది ఎత్తులో వీచే గాలి మరింత బలపడుతుంది కాబట్టి, సూర్యుడు అస్తమించాడని మేఘం చల్లబడి ఊరుకోదు.

నిన్న రాత్రి జరిగినది అదే. నాష్‌విల్ పడమర నుంచి కుక్‌విల్ ఉన్న పుట్నం కౌంటీ దాకా ఒకే మేఘం, సూపర్‌సెల్ అనే తిరిగే ఉరుముల మేఘం, తూర్పుగా ప్రయాణిస్తూ వరుసగా టోర్నడోలను దించింది. పైగాలి బలం వల్ల వాటి వేగం కూడా గంటకు అరవై మైళ్ల దాకా ఉంది. మే నెలలో ఓక్లహోమాలో ఒక్కోసారి ఇరవై మైళ్ల వేగంతో కదిలే టోర్నడోను మనవాళ్లు వీడియోల్లో చూసి ఉంటారు; చూసి, పరుగెత్తి తప్పించుకోవచ్చనుకుంటారు. నిన్నటిది అర్ధరాత్రి చీకట్లో వచ్చింది, దీనిని చూసే అవకాశమే లేదు.

అమెరికా చరిత్రలో అత్యధికంగా 695 మందిని బలిగొన్న ట్రై-స్టేట్ టోర్నడో 1925 మార్చి 18న వచ్చింది.

అలబామా పాతకాపు
2020 మార్చి 3, ఉదయం 11:30

సరిగ్గా ఏడాది కిందట, ఇదే మార్చి 3న, మా ఆబర్న్‌కు దగ్గరలోని బోరిగార్డ్‌లో 23 మంది పోయారు. అది పట్టపగలు, ఆదివారం మధ్యాహ్నం. పోయినవారిలో చాలామంది మొబైల్ హోముల్లో, అంటే వేరేచోట తయారుచేసి తెచ్చి నిలిపే తేలికపాటి ఇళ్లలో, ఉన్నవారు. మా ఊరి తెలుగువారిలో ఆ వైపు నివసించేవారు లేరు కాబట్టి వారం తిరిగేసరికి మన సమూహాల్లో ఆ మాటే లేకుండా పోయింది. ఈ విషయం కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాను.

ఇంకొక పోలిక కూడా ఉంది. ఈరోజు సూపర్ ట్యూజ్‌డే, పద్నాలుగు రాష్ట్రాల్లో ప్రైమరీ ఎన్నికలు. 2008లో కూడా సూపర్ ట్యూజ్‌డే నాడే, ఫిబ్రవరి 5న, అర్కాన్సాస్, టెన్నెస్సీ, కెంటకీ, అలబామాల మీద టోర్నడోలు విరుచుకుపడి 57 మంది మరణించారు. అప్పుడు నేను టెన్నెస్సీలోని జాక్సన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. యూనియన్ యూనివర్సిటీ వసతిగృహాలు విద్యార్థుల మీద కూలాయి, శిథిలాల కింద కొందరు గంటల తరబడి చిక్కుకున్నారు, అయినా అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. హెచ్చరిక రాగానే పిల్లలను కింది అంతస్తుల్లో లోపలి గదుల్లోకి చేర్చడమే దానికి కారణమని ఊరంతా చెప్పుకున్నారు. అదే రాత్రి మేకన్ కౌంటీ వైపు వెళ్లిన ఒక్క టోర్నడో 22 మందిని తీసుకుపోయింది. అది కూడా చీకట్లోనే, ఊళ్లలో, చెట్ల మధ్యన.

నాష్‌విల్ ఓటరు
2020 మార్చి 3, మధ్యాహ్నం 1:10

ఎన్నికల మాట వచ్చింది కాబట్టి: ఇక్కడ పోలింగ్ ఒక గంట ఆలస్యంగా మొదలైంది, దెబ్బతిన్న పోలింగ్ కేంద్రాలను వేరేచోటికి మార్చారు. పౌరసత్వం వచ్చాక ఇది నా మొదటి ప్రైమరీ. వరుసలో నా ముందున్న ఒక పెద్దాయన కాళ్లకు ఇంటి చెప్పులు, ఒంటి మీద రాత్రి దుస్తులే ఉన్నాయి. ఇంటికి కప్పు లేదనీ, ఓటుకైతే కప్పు అవసరం లేదనీ ఆయన అంటే ఎవరూ నవ్వలేకపోయారు.

అట్లాంటా నుంచి
2020 మార్చి 3, సాయంత్రం 6:45

అందరికీ నా సానుభూతి. అయితే ఒక మాట నిర్మొహమాటంగా చెప్తాను. ఈ హెచ్చరికల వ్యవస్థ మీద నమ్మకం పోయి చాలాకాలమైంది. మా కౌంటీలో గత రెండేళ్లలో ఎన్నోసార్లు ఫోను మోగింది, ఒక్కసారీ మా ఇంటి మీద ఆకు కూడా రాలలేదు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో అర్ధరాత్రి ఆ కీచుశబ్దం వస్తే ఆ రాత్రంతా నిద్ర ఉండదు. నేను సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ ఆపేశాను. తప్పు అనిపిస్తే చెప్పండి.

మౌంట్ జూలియట్ ఇల్లాలు
2020 మార్చి 3, రాత్రి 7:20

అన్నగారూ, తప్పే. ఇంతకంటే మర్యాదగా చెప్పే ఓపిక ఈరోజు నాకు లేదు.

మేఘాల లెక్క
2020 మార్చి 3, రాత్రి 8:00

అట్లాంటా మిత్రుడి విసుగు ఊరికే వచ్చింది కాదు. దానికి కారణం ఉంది. "వాచ్" అంటే ఆ ప్రాంతంలో టోర్నడో పుట్టడానికి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని; అది చాలా కౌంటీలకు కలిపి, గంటల ముందు వస్తుంది. "వార్నింగ్" అంటే రాడార్‌లో సుడి కనిపించింది, లేదా ఎవరో కళ్లారా చూశారు, కొద్ది నిమిషాల్లో తాకవచ్చని. రెంటినీ ఒకే తీరుగా వినడం వల్ల, నాలుగు వాచ్‌ల తర్వాత ఐదవదిగా వచ్చిన వార్నింగ్ కూడా అరిగిపోయిన మాటలా వినిపిస్తుంది.

వార్నింగ్ వచ్చిన ప్రతిసారీ టోర్నడో రాదు, అదీ నిజమే. కానీ రాత్రిపూట వచ్చే టోర్నడోలు పగటివాటి కంటే రెట్టింపు మించి ప్రాణాంతకమని పరిశోధకులు లెక్కకట్టారు. టెన్నెస్సీలో వచ్చేవాటిలో దాదాపు సగం రాత్రివే. పగలైతే ఆకాశం చూస్తారు, పక్కింటివాళ్లు అరుస్తారు, టీవీ నడుస్తూ ఉంటుంది. అర్ధరాత్రి మనిషిని లేపగలిగింది ఫోను, లేదా వాతావరణ రేడియో మాత్రమే. వీధి సైరన్లు ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టినవి. తలుపులు బిగించుకొని, హీటరు వేసుకొని పడుకున్నవారికి వినిపించాలన్న నియమం ఏమీ లేదు.

డొనెల్సన్ వాసి
2020 మార్చి 4, ఉదయం 9:30

నిన్న నా ఫోను ఎందుకు మోగలేదో ఈరోజు తెలిసింది. సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలన్నీ ఆపి ఉన్నాయి. ఆపినది నేనే. తప్పిపోయిన పిల్లల కోసం పంపే ఆంబర్ హెచ్చరిక ఒకటి చలికాలంలో తెల్లవారుజామున వచ్చి పాప ఏడుపు మొదలుపెడితే, నిద్రమత్తులో కనిపించిన మీటలన్నీ నొక్కేశాను. తర్వాత ఆ సంగతే మరిచాను. అందువల్ల అట్లాంటా మిత్రుడిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా అత్తయ్యగారు ఆ వేళకు ఫోను చేయకపోయి ఉంటే మా ఆవిడ కూడా పైగదిలో నిద్రలో ఉండేది; తన ఫోనును మామూలుగా రాత్రి వంటగదిలో ఛార్జింగుకు పెడుతుంది. పైగది కిటికీ అద్దమంతా ఇప్పుడు మా మంచం మీద ఉంది.

అట్లాంటా నుంచి
2020 మార్చి 4, ఉదయం 10:05

ఆంబర్ ఒక్కటి ఆపి, మిగిలినవి తిరిగి పెట్టాను. రెండూ వేరువేరు మీటలని ఇప్పుడే చూశాను.

నిర్వాహకుడు
2020 మార్చి 4, ఉదయం 11:15

సభ్యులకు మూడు విజ్ఞప్తులు. దెబ్బతిన్న వీధుల ఫొటోల కోసం కార్లలో తిరగడం మానండి. నిన్న ఈస్ట్ నాష్‌విల్‌లో ఇలాంటి రద్దీ వల్లే విద్యుత్ సిబ్బంది వాహనాలు ఆగిపోవడం నేను స్వయంగా చూశాను. వ్యక్తుల బ్యాంకు ఖాతాల వివరాలతో వచ్చే విరాళాల విన్నపాలను ఇక్కడ తొలగిస్తున్నాము, ఎవరూ నొచ్చుకోవద్దు. చనిపోయినవారి పేర్లు, ఇళ్ల ఫొటోలు పెట్టకండి.

మన శ్రీ గణేశ దేవాలయం బెల్లెవ్యూ వైపు ఉండడం వల్ల టోర్నడో దారిలో లేదు.

మౌంట్ జూలియట్ ఇల్లాలు
2020 మార్చి 5, మధ్యాహ్నం 12:40

ఇన్సూరెన్స్ గురించి చాలామంది వ్యక్తిగతంగా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. నేను ఆ రంగంలోనే పని చేస్తాను. సొంత ఇంటి మామూలు పాలసీలో గాలి నష్టం సాధారణంగా ఉంటుంది, వరద నష్టం ఉండదు. కారు మీద చెట్టు పడితే "కాంప్రహెన్సివ్" తీసుకున్నవారికే డబ్బు వస్తుంది; పాత కారు కదా అని లయబిలిటీ (ఎదుటివారికి జరిగిన నష్టానికి ఇచ్చేది) మాత్రమే ఉంచుకున్నవారికి రాదు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇంటి యజమాని పాలసీ గోడలకే వర్తిస్తుంది. మీ సామాను, మీరు హోటల్లో ఉండే ఖర్చు మీ రెంటర్స్ పాలసీ నుంచే రావాలి. అద్దె ఒప్పందంలో అడిగారు కాబట్టి చాలామంది కట్టే ఉంటారు, కానీ ఏముందో చదవరు. ఏదైనా బాగుచేయించే ముందు ఫొటోలు తీయండి. వర్షం లోపలికి రాకుండా కప్పు మీద టార్పాలిన్ వేయించడం మీ బాధ్యత, దాని రసీదు దాచండి.

హెచ్1బి కుటుంబం
2020 మార్చి 6, ఉదయం 8:20

డేవిడ్‌సన్, విల్సన్, పుట్నం కౌంటీలకు నిన్న సమాఖ్య విపత్తు ప్రకటన వచ్చింది. మావంటి వీసాదారులు ఫీమాకు (సమాఖ్య విపత్తు సహాయ సంస్థకు) దరఖాస్తు చేయవచ్చా? చేస్తే గ్రీన్‌కార్డుకు ఇబ్బందా? మా ఇంట్లో పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోద) కాగితాలు తడిసి ముద్దయ్యాయి.

మౌంట్ జూలియట్ ఇల్లాలు
2020 మార్చి 6, ఉదయం 9:45

ఫీమా నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి అర్హత ఉన్నవారికే. హెచ్1బి వారికి నేరుగా రాదు. అయితే ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంట్లో ఉంటే, పౌరులైన ఆ పిల్లల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చు. శిబిరంలో చోటు, భోజనం, మంచినీళ్లు వంటి తక్షణ సాయానికి వీసా ఎవరూ అడగరు. పాస్‌పోర్టుకు మన రాష్ట్రం అట్లాంటా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు పత్రం) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఐ-797 నకళ్లు మీ కంపెనీ న్యాయవాది దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, ముందు వారిని అడగండి. గ్రీన్‌కార్డు ప్రశ్న మాత్రం ఆ న్యాయవాదినే అడగాలి, నన్ను కాదు.

కుక్‌విల్ విద్యార్థి
2020 మార్చి 8, రాత్రి 9:10

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. మేము పదకొండుమంది తెలుగు విద్యార్థులం, మాస్టారిగారి అబ్బాయితో సహా, శనివారం శిథిలాలు తీయడానికి వెళ్లాము. స్వచ్ఛందంగా వచ్చినవారు ఎంతమందంటే, పేరు నమోదు చేయించుకోవడానికే రెండు గంటలు వరుసలో నిలబడ్డాము; చివరికి మమ్మల్ని ఒక పొలానికి పంపారు. పొలంలో పని ఏమిటా అనుకున్నాను. పశువులు మేసేచోట మేకులు, రేకులు, గాజుముక్కలు ఏరాలి. ఎకరాల కొద్దీ గడ్డి మధ్యన పిల్లల బొమ్మలు, పెళ్లి ఆల్బం కాగితాలు, ఎవరిదో పన్నుల రసీదు. పేర్లు ఉన్న కాగితాలనూ, ఫొటోలనూ వేరే పెట్టెలో వేయమన్నారు. వాటిని చర్చిలో బల్లల మీద పరిచి ఉంచుతారట.

నేలమట్టమైన వీధిని చూసినప్పుడు నాకు తట్టిన ఆలోచన ఒకటే: ఇక్కడ మొబైల్ హోములు కావు, ఇటుకల ఇళ్లు. పునాది పలకలు మాత్రం మిగిలాయి. వాతావరణ సంస్థవారు మా టోర్నడోకు ఇఎఫ్-4 స్థాయి (సున్నా నుంచి ఐదు దాకా ఉండే తీవ్రత కొలతలో నాలుగు) ఇచ్చారు, గాలి వేగం గంటకు 175 మైళ్లు. అది నేల మీద ఉన్నది ఎనిమిది నిమిషాలు, ప్రయాణించినది ఎనిమిది మైళ్ల పైచిలుకు. నాష్‌విల్‌ను తాకినది అరవై మైళ్ల పొడవునా సాగింది, అయినా మా చిన్న ఊళ్లోనే ఎక్కువమంది పోయారు. పత్రికల్లో శీర్షికలు ఇప్పటికీ నాష్‌విల్ పేరుతోనే వస్తున్నాయి. ఇక్కడివారికి అది గుచ్చుకుంటోంది, బయటికి అనరు గాని.

నాన్నగారి స్నేహితుడొకరు ఫోను చేసి, "దివిసీమ ఉప్పెన గుర్తొచ్చిందిరా" అన్నారు. 1977లో ఆయన అక్కడ శవాలను మోసినవారిలో ఒకరు. రెండూ వేరువేరని చెప్పబోయి ఆగాను.

హెర్మిటేజ్ రెండో అంతస్తు
2020 మార్చి 9, ఉదయం 7:30

మా ఆఫీసులో ఒకాయన, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నాష్‌విల్ చుట్టూ కొండలు, కంబర్లాండ్ నది ఉండడం వల్ల టోర్నడోలు నగరం నడిబొడ్డుకు రావని చిన్నప్పటి నుంచి విన్నానన్నాడు. నిజంగా అలాంటిది ఉందా?

మేఘాల లెక్క
2020 మార్చి 9, ఉదయం 8:50

లేదు. ఈ టోర్నడోయే ఆ నది వంపులను ఒకటికి రెండుసార్లు దాటింది. 1933 మార్చి 14న ఈస్ట్ నాష్‌విల్ మీదుగా వెళ్లిన టోర్నడో, 1998 ఏప్రిల్ 16న నగరం మధ్య భాగాన్ని తాకిన టోర్నడో రెండూ ఇంచుమించు ఇదే దారి. ప్రతి ఊళ్లోనూ ఆ ఊరిని కాచే కొండో, గుడో, నదో ఉంటుంది. మన ఊళ్లలో పొలిమేర దేవత ఉన్నట్టే. నమ్మకానికి నేను వ్యతిరేకిని కాను, పొలిమేరమ్మకు మొక్కినవాడు కూడా రాత్రి తలుపు గడియ వేసుకుంటాడు.

అపార్ట్‌మెంటు వాసులకు ఒక సూచన. పై అంతస్తులో ఉన్నవారు కింది అంతస్తులోని పొరుగువారితో ఈ వారమే మాట్లాడి పెట్టుకోండి. వార్నింగ్ వచ్చాక తలుపు కొట్టి పరిచయం చేసుకునే సమయం ఉండదు. హెర్మిటేజ్ మిత్రులకు అదృష్టం కలిసి వచ్చింది. లోపలి గదిలోకి వెళ్లేటప్పుడు కాళ్లకు బూట్లు, పిల్లలకు సైకిలు హెల్మెట్లు పెట్టండి. గాయాల్లో చాలా భాగం ఎగిరొచ్చి తలకు తగిలినవాటివల్ల, తర్వాత గాజు మీద నడవడం వల్ల అయ్యేవి. కిటికీలు తెరిస్తే ఇల్లు పేలదన్నది పాత అపోహ, ఆ పని మీద ఒక్క క్షణం కూడా వృథా చేయకండి. వంతెన కింద కారు ఆపి దాక్కోవడం మరీ ప్రమాదం. ఆ ఇరుకులో గాలి వేగం ఇంకా పెరుగుతుంది.

నిర్వాహకుడు
2020 మార్చి 15, సాయంత్రం 5:00

కరోనా వ్యాప్తి కారణంగా వచ్చేవారం తలపెట్టిన సహాయక భోజన కార్యక్రమాన్ని రద్దు చేశాము. టోర్నడో బాధితులు బంధువుల ఇళ్లలో సర్దుకొని ఉన్న ఈ సమయంలో, మనుషులు దూరదూరంగా ఉండాలని చెప్పడం ఎంత కష్టమో మాకు తెలుసు. వండిన భోజనానికి బదులు కిరాణా కార్డులు పంపిస్తాము.

డొనెల్సన్ వాసి
2021 మార్చి 3, రాత్రి 12:50

ఏడాది అయింది. మేల్కొనే ఉన్నాను, కావాలనే. టెన్నెస్సీలో మొత్తం 25 మంది, అందులో పుట్నం కౌంటీలోనే 19 మంది, వారిలో ఐదుగురు పిల్లలు. మా వీధిలో రెండు ఇళ్లు ఇంకా ఖాళీ స్థలాలుగానే ఉన్నాయి. మా పాప గాలి గట్టిగా వీస్తే తనంతట తానే స్నానాలగదిలోకి వెళ్లి కూర్చుంటుంది, బొమ్మను కూడా తీసుకెళ్తుంది. దాన్ని మాన్పించాలో వద్దో మాకు తెలియడం లేదు.

ములుగు చెట్టు
2024 సెప్టెంబరు 9, ఉదయం 9:00 (భారత సమయం)

పాత చర్చను తిరిగి పైకి తెచ్చినందుకు మన్నించండి. మాది ములుగు జిల్లా. ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య ఏటూరునాగారం అభయారణ్యంలో ఒక్క సాయంత్రంలో చెట్లు వేలాదిగా కూలిపోయాయి. అటవీ అధికారులు 50,000 వరకు లెక్క చెప్పారు. ఖమ్మంలో మున్నేరు, బెజవాడలో బుడమేరు పొంగిన ఆ రోజుల్లోనే జరగడంతో ముందు ఎవరూ పట్టించుకోలేదు. నేను వెళ్లి చూశాను: పెద్ద పెద్ద మద్దిచెట్లు వేళ్లతో సహా లేచి పడుకున్నాయి. కొందరు టోర్నడో అంటున్నారు, కొందరు కాదంటున్నారు. సమ్మక్క తల్లే ఊళ్లను వదిలి అడవి మీద ఆపిందని మా ఊరివాళ్లు అంటున్నారు. మనుషులెవరూ చనిపోలేదు. మేఘాల లెక్క గారు ఇంకా ఇక్కడ ఉన్నారా?

మేఘాల లెక్క
2024 సెప్టెంబరు 9, సాయంత్రం 7:30 (నాష్‌విల్ సమయం)

ఉన్నాను. ఫొటోలను బట్టి తీర్పు చెప్పే ధైర్యం చేయను. మేఘం నుంచి ఒక్కసారిగా నేల మీదికి దిగి, బోర్లించిన బిందెలో నీళ్లు పరచుకున్నట్టు నలువైపులా పారే గాలిని డౌన్‌బర్స్ట్ అంటారు. అందులో చెట్లు ఒక చోటు నుంచి బయటికి విసిరినట్టు పడతాయి. టోర్నడోలో మధ్యగీత వైపు లోపలికి తిరిగి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. తొలగించకముందే ఎవరైనా పైనుంచి డ్రోన్‌తో తీసి, ఏ చెట్టు ఏ దిక్కుకు పడిందో రాసి ఉంచితే అదే పెద్ద ఆధారం. నాష్‌విల్ రాడార్ ఓల్డ్ హికరీలో, అంటే 2020 టోర్నడో దారికి కూతవేటు దూరంలో ఉంది. మీకు హైదరాబాదు రాడార్ దాదాపు 200 కిలోమీటర్లు; అంత దూరంలో దాని కిరణం నేలకు కిలోమీటర్ల ఎత్తున వెళ్తుంది, కింద జరిగే సుడి దానికి కనిపించదు. మన ఉపఖండంలో టోర్నడోలు రావన్నది మాత్రం నిజం కాదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియాల మీద వచ్చినది సుమారు 1,300 మందిని బలి తీసుకుంది.

గుంటూరు మాస్టారు
2024 సెప్టెంబరు 10, ఉదయం 6:15 (భారత సమయం)

ములుగు బాబూ, ఆ సాయంత్రం మీ ఊళ్లో ఫోన్లు ఏమైనా మోగాయా?

ములుగు చెట్టు
2024 సెప్టెంబరు 10, ఉదయం 8:40 (భారత సమయం)

భారీ వర్షం వస్తుందని ముందే చెప్పారు మాస్టారూ. గాలి గురించి ఏ ఫోనూ మోగలేదు. మా గూడెంలో ఆ పూట సిగ్నల్ కూడా లేదు.